పాలివ్వని పాలసొర

మా పెద్దమ్మాయి పురిటికొచ్చి బిడ్డనెత్తుకుని ఇరవై రోజులు. పక్కింటి వదినగారిది భీమిలి. ఆవిడ తమ్ముడు మొన్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఐసుపెట్టెతో సికింద్రాబాదులో దిగాడు. అందులో మూరన్నర పొడుగున రెండు పాలసొరలు!

"బాలింతకి సొరపిట్టు పెట్టండి వదినగారూ, పాలు పొంగుతాయి" అంటూ ఆవిడే మా వంటింట్లో దూరి, పసుపు నీళ్లలో ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా విదిపి, ఉల్లి, అల్లం, వెల్లుల్లి వేసి వేయించేసింది.

అమ్మాయి పళ్లెం అందుకుని నవ్వింది. జువాలజీ చదివిందిలెండి. "అమ్మా, పగడపు దిబ్బల సందుల్లో గుడ్లు పెట్టి పోయే చిన్న సొరలున్నాయి. ఇది అలా కాదు. మనలాగే మావి, బొడ్డుతాడు అన్నీ ఉంటాయి. ఏడాది పాటు మోసి, ఈతకి మహా అయితే ఎనిమిది పిల్లల్ని కంటుంది."

"మరి పాలు?"

"చుక్క ఇవ్వదు. పుట్టిన పిల్ల తన తిండి తనే వెతుక్కోవాలి."

పాలివ్వని దానికి పాలసొర అని పేరు పెట్టింది మన అవసరం! డాక్టరమ్మ ఏనాడో చెప్పింది, బిడ్డ తాగినకొద్దీ పాలు ఊరతాయని. అయినా తల్లి కోసం ఇంకో తల్లిని వండాం. తప్పా? తరతరాలుగా వలమీద బతికినవాళ్ల ఇంటి ఆడపడుచుని ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. ప్రేమతో తెచ్చిన కూర అది. కానీ లక్షల గుడ్లు పెట్టే చేపల్లాగా, అయిదారు పిల్లల్ని కనే తల్లి వలలకి తట్టుకోగలదా? ప్రమాదం అంచున ఉన్నవాటి జాబితాలో 2020లో దీన్నీ చేర్చారట.

ఆ రాత్రి నాకు ఇంకోటి తోచింది. వియ్యపురాలు రోజూ ఫోను చేసి "పాలు పడుతున్నాయా?" అనడుగుతుంది. పొద్దున్నే లేచి నేనూ అదే అడుగుతాను. ఈ ఇరవై రోజుల్లో పిల్లకి నిద్ర పట్టిందో లేదో అడిగినవాళ్లం లేము. ఒకరి దగ్గర మనకి కావలసింది ఒక్కటే చూడడం మొదలుపెడితే, ఆ మనిషి కనబడకుండా పోతుంది. సముద్రంలో సొరయినా అంతే, మంచమ్మీద కూతురయినా అంతే.

తెల్లవారి అడిగాను, "రాత్రి నిద్ర పట్టిందా తల్లీ?"

అది నావంక వింతగా చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "లేదమ్మా" అంది. బిడ్డని నేనెత్తుకున్నాను. అది అటు తిరిగి పడుకుంటూ, "పిట్టు బాగుందని అత్తకి చెప్పు. ఇంకోసారి మాత్రం మునగాకు చాలను" అంది.