గుద్దినవాడి బాకీ

మా శాఖలో కొన్ని ఫిక్సెడ్ డిపాజిట్ల తీరు వేరు. వాటి మీద అప్పు ఇవ్వకూడదు. కోర్టు అనుమతి లేనిదే గడువుకు ముందు తీయనివ్వకూడదు. రోడ్డు ప్రమాదాల్లో దెబ్బతిన్నవారికి ట్రిబ్యునల్ ఇప్పించిన సొమ్ము అది. చదువురానివారి డబ్బు మధ్యవారి పాలు కాకుండా సుప్రీంకోర్టు 1990ల మొదట్లోనే ఈ కట్టుబాట్లు చెప్పింది.

అలాంటి డిపాజిటు వేయడానికి వచ్చిన ఒక తాపీ మేస్త్రీ, హోసూరు పక్క పల్లెవాడు, కాగితాల మీద తెలుగులో సంతకం పెట్టి అన్నాడు: "దుడ్డు వచ్చింది సార్. గుద్దినాయప్ప మాత్రం ఒక దినమూ వచ్చి ఎట్లుండావని అడగలేదు." ముందు బండిని దాటెయ్యాలన్న ఆత్రంలో ఎవడో కారు అడ్డంగా తిప్పితే ఇతని కాలు పోయింది.

డబ్బు విషయంలో చట్టం అతనికి తక్కువ చెయ్యలేదనే అంటాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 1994లో వచ్చిన సవరణ వల్ల, ప్రమాదం చిత్తూరు జిల్లాలో జరిగినా మనం ఉంటున్న ఊరి ట్రిబ్యునల్‌లోనే దావా వేసుకోవచ్చు. సరిహద్దుకు ఇటూ అటూ తిరిగే మనవంటివారికి ఇది చిన్న మేలు కాదు. క్రిమినల్ కేసులో డ్రైవరు నిర్దోషిగా బయటపడినా పరిహారం దావా దానితో పోదు. ఇక్కడ అంత గట్టి రుజువు అక్కర్లేదు. 2010లో సుప్రీంకోర్టు ఇంకో మంచి మాట చెప్పింది. చూడవలసింది అవయవం ఎంత శాతం పోయిందని కాదు, సంపాదన ఎంత పోయిందని. చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగంలో ఉండవచ్చు, వడ్రంగికి బతుకుతెరువే పోతుంది. ఆ లెక్కనే మేస్త్రీకి సొమ్ము వచ్చింది.

అయితే చెల్లించినవాడు ఎవడు? బీమా సంస్థ. దూకుడుగా నడిపాడన్న కారణం చూపి అది తప్పించుకోలేదు. ఇది న్యాయమే, డ్రైవరు జేబు మీద ఆధారపడితే మేస్త్రీకి చిల్లిగవ్వ దక్కేది కాదేమో. కామర్స్ చదివినవాణ్ణి కనుక నాకు ఇక్కడే ఒక చిక్కు. మా దగ్గర హామీదారు అప్పు తీరిస్తే, తరువాత అతను అసలు బాకీదారు వెంటపడతాడు. ఇక్కడ లైసెన్సు లేకపోవడం వంటివి ఉంటే తప్ప, బీమా సంస్థ అతని జోలికి పోదు. ప్రమాదకరంగా నడిపినందుకు మొదటిసారైతే జైలు లేకుండా జరిమానాతోనే పోవచ్చు. 2019 సవరణ తరువాత కూడా ఆ జరిమానా అయిదు వేలు దాటదు.

పోనీ, వచ్చి ఒక మాట అడిగితే? వకీలు అడగనివ్వడు. క్షమించమంటే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుంది, అది కేసులోకి వస్తుంది. కనుక మంచివాడైనా మౌనంగా ఉంటాడు. క్రిమినల్ కోర్టులో మేస్త్రీ వట్టి సాక్షి. ట్రిబ్యునల్‌లో అతనికి ఎదురుగా నిలిచేది బీమావారి వకీలు. నా చేతికొచ్చిన తీర్పు నకళ్లలో చాలావాటిలో బండి యజమాని గైర్హాజరు అనే ఉంది. కాలు తీసినవాడూ కాలు పోయినవాడూ ఎక్కడా ఎదురుపడరు.

దండన పెంచాలని నేను అనను. పెంచితే ఆపకుండా పారిపోయేవారు పెరుగుతారని భయం. పరిహారం తేలేలోగా ఒక్క రోజైనా ఆ డ్రైవరు స్వయంగా వచ్చి కూర్చోవాలనీ, గాయపడినవాడు తన రోజు ఎలా గడుస్తోందో చెబుతుంటే వినాలనీ, అక్కడ పలికిన ఏ మాటా క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడకూడదనీ ఒక నియమం ఉంటే బాగుండును. బలవంతాన వచ్చే పశ్చాత్తాపం పశ్చాత్తాపమేనా అని మిత్రులొకరు అడిగారు. కాకపోవచ్చు. నేను కోరేది పశ్చాత్తాపం కూడా కాదు. ఉదయాన లేచి బాత్‌రూమ్ దాకా పోవడానికి ఆ మేస్త్రీకి ఎంతసేపు పడుతుందో ఆ కారు నడిపినతనికి తెలియాలి, అంతే.