దాసోహమునకు రేపటి లెక్క తగునా?

సామర్లకోటలో నేనెరిగిన ఒక సేవాసంఘము కలదు. ఏటేట అధ్యక్షుడు మారును. మారిన ప్రతి అధ్యక్షుడును వర్షాకాలమున మొక్కలు నాటించును. చిత్రమేమనగా, నాటుట గతసంవత్సరపు గోతులలోనే! పోయిన యేటి మొక్కలలో కొన్ని మేకల పాలైనవి, కొన్ని వేసవిలో ఎండినవి. వానికి నీరు పోయించు బాధ్యత పాత అధ్యక్షుని పదవితోనే ముగిసినది. సభ్యులందరు సజ్జనులే, చందాలు ధారాళముగా నిచ్చువారే. లోపము ధనమునందు లేదు, దయయందును లేదు. పదేండ్ల తరువాత ఈ ఊరు ఎట్లుండవలెనో అందరు కూర్చుండి ఒక్కనాడైనను తలపోయలేదు.

ఈ మాట ఒక పెద్దమనిషితో ప్రస్తావింపగా ఆయన నవ్వి, "అయ్యా, శరణులు రేపటికి దాచిరా?" అని ప్రశ్నించిరి.

ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. ఆయ్దక్కి మారయ్య చరిత్ర మనయిండ్లలో పిల్లలకును తెలిసినదే. కల్యాణమున రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు అలవాటునకు మించి తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ అది ఆశ యని గ్రహించి, మిగులు బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. పిడికెడు బియ్యము విషయముననే ఇంతటి నియమము పాటించినవారి వారసులము మనము. సంఘము పేర బ్యాంకులో సొమ్ము నిలువచేసి పదేండ్ల పథకము వేసికొనుట మనకు ధర్మమగునా?

నాకు తోచినది చెప్పెదను. లక్కమ్మ కాదన్నది రేపటి బియ్యమును. రేపటి కాయకమును కాదు. మరునాడును మారయ్య సంచి భుజమున వేసికొని వెళ్లవలసినదే. సొమ్ము దాచుట వేరు, చేయవలసిన పనిని ముందుగా నిర్ణయించుకొని దానికి కట్టుబడుట వేరు. అయితే పథకమను పేర నిలువధనము పెంచి, సర్వసభ్యసమావేశమున వడ్డీలెక్క చదివి చప్పట్లు కొట్టు సంఘములును లేకపోలేదు. అట్టివారి యెదుట లక్కమ్మ ప్రశ్న నేటికిని నిలిచియే యున్నది.

ముందుచూపు విలువ గోదావరి సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1833 నాటి కరవు, 1839 నాటి తుపాను ఈ ప్రాంతమును కుదిపినవి. 1847లో కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట పని ఆరంభించి 1852 నాటికి ముగించెను. సామర్లకోట కాలువలోని నీరు ఆనాటి ఆలోచనాఫలమే. అంతమాత్రమున కరవునాడు గంజి పోసినవారి సేవ తక్కువది కాదు. ఆకలిగొన్నవానికి పదేండ్ల పథకము చదివి వినిపించుట క్రౌర్యమే యగును.

కాని అది ప్రభుత్వపు పని. సేవాసంఘములకు దగ్గర ఉదాహరణము రోటరీవారిది. అచ్చటను జులై నెల రాగానే అధ్యక్షులు మారుదురు. 1979లో ఫిలిప్పీన్సు దేశమున పిల్లలకు పోలియో చుక్కలు వేయించుటకు పూనుకొనిరి. 1985లో ఆ పనిని ప్రపంచమంతటికి విస్తరించి, 2005 నాటికి ముగింపదలచిరి. గడువు తప్పినది, పని విడువలేదు. ప్రభుత్వములును ప్రపంచ ఆరోగ్యసంస్థయు తోడైనవి. మనదేశమున చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో కనబడినది. 2014 మార్చిలో పోలియో తొలగినట్లు ధ్రువీకరణము లభించినది. అఫ్గానిస్థాన్, పాకిస్థాన్ దేశములలో ఆ పని నేటికిని ముగియలేదు. 1985 నాటి అధ్యక్షులలో ఎందరో ఫలము చూడకయే పోయియుందురు. తన యేడు తన పేరుతో మెరియవలెనను కోరిక వారికి మాత్రము లేకుండునా? దానిని కొంత అణచుకొనిరి. సేవలో అన్నిటికన్న కష్టమైన త్యాగ మిదియేనని నాకు తోచును. డబ్బు ఇచ్చుట దీనికన్న సులభము.

ఇంకొక చిక్కు కలదు. మనము నేడు చేసిన నిర్ణయము రేపటివారిని బంధించుట న్యాయమా? ఇద్దరు ధనికులు గదిలో కూర్చుండి వ్రాసినదైనచో అన్యాయమే. అనుభవమంటపమున పడవ నడుపు చౌడయ్యయు, బట్టలుతుకు మాచయ్యయు, చెప్పులు కుట్టు హరళయ్యయు, అక్కమహాదేవియు కూడియుండిరి. మన సంఘముల కార్యవర్గమున కూలిజనులెందరు, స్త్రీలెందరు? పథకము వ్రాయుటకు ముందు స్టేషనుదారి ఊడ్చు తల్లిని పిలిచి, "అమ్మా, ఈ ఊరికి ఏమి కావలెను?" అని అడిగినవారిని నేనింతవరకు చూడలేదు.

ఈయేడు ఆ సంఘమువారు మొక్కలకు కేటాయించిన సొమ్ములో సగము తీసి, మూడేండ్లపాటు నీరు పోయు మనిషి కూలికి ఉంచిరని వింటిని. గోతులు మాత్రము పాతవే.