కనబడని అతుకు

మనుష్యుడు చేయు పనులు రెండు విధములు. ఇతరులు చూతురని చేయునది యొకటి. ఎవరును చూడకపోయినను చేయవలసిన రీతిగా చేయునది మఱియొకటి. మొదటిదానికి మెప్పు కలదు, రెండవదానికి సాక్షి లేడు. సాక్షి లేని చోట మనుష్యుడు సత్యముగా పనిచేయుట యెందులకు? పెద్దలు ఈ ప్రశ్నకు పలు విధముల సమాధానము చెప్పిరి. జపాను దేశపు వడ్రంగులు మాటలతో గాక కొయ్యతో చెప్పిన సమాధానము ఒకటి కలదు. అది తెలిసికొనదగినది.

జపాను సంప్రదాయ గృహమును తొలిసారి చూచువానికి ముందుగా తోచునది నిరాడంబరత. కంబములకు రంగు లేదు. గోడలు తక్కువ. సన్నని కొయ్యచట్రములకు కాగితము అంటించిన జారుడు తలుపులే గదులను వేరుచేయును. వీనిని ‘షోజి’ యందురు. ఎండ ఆ కాగితముగుండా వడగట్టబడి మెత్తని వెలుగై లోనికి వచ్చును. ఆ వెలుగునీడల సొగసును కొనియాడుచు జునిచిరో తనిజాకి అను రచయిత 1933లో వ్రాయనారంభించిన వ్యాసము ప్రపంచప్రసిద్ధమైనది. నేలపై పఱచిన ‘తతామి’ చాప యొక్కటి రమారమి 180 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉండును. గది వైశాల్యమును ఆఱు చాపల గది, ఎనిమిది చాపల గది యని చాపల లెక్కతోనే చెప్పుదురు. ఒక మనిషి పండుకొనుటకు చాలినంత చోటే ఆ గృహమునకు కొలబద్ద.

ఇదంతయు కంటికి కనబడు అందము. ఆ గృహమును నిలబెట్టునది మాత్రము కంటికి కనబడదు. అది కొయ్యకు కొయ్యకు నడుమనున్న అతుకు. రెండు దూలములను నిడివిగా కలుపు అతుకును ‘త్సుగితె’ యనియు, దూలమును కంబముతో కోణముగా కలుపుదానిని ‘షిగుచి’ యనియు పిలుతురు. ఒక కొయ్య చివరను నాలుకవలె చెక్కి, రెండవ కొయ్యలో దానికి సరిపోవు గాడి తొలిచి, రెండింటిని బిగింతురు. లోపల ఎన్నో మలుపులు, మెట్లు, మూలలు ఉండును. బిగించిన పిమ్మట వెలుపల సన్నని గీత మాత్రమే మిగులును. ఇనుపమేకులను బొత్తిగా వాడరనుట అతిశయోక్తియే. ప్రాచీన దేవాలయములలో కొలిమిలో కాచి సాగగొట్టిన మేకులు కలవు. అయినను బరువు మోయు ముఖ్యస్థానములలో వడ్రంగి నమ్మునది అతుకునే.

ఆ అతుకులోపలి పనిని ఇంటి యజమాని చూడడు, అతిథియు చూడడు. దానిని చూచువాడు ఒక్కడే: నూఱేండ్లకో రెండునూఱేండ్లకో ఆ కంబము అడుగు చివికినప్పుడు మరమ్మతునకు వచ్చు మఱియొక వడ్రంగి. చివికిన అడుగుభాగమును మాత్రము కోసివేసి, క్రొత్త కొయ్యను పాతదానికి అతికి, మిగిలిన కంబమును దక్కించుకొను విద్య అచ్చట కలదు. విప్పుటకు వీలుగా కట్టిననే మరమ్మతు సులభమగును. తన పని శాశ్వతమను గర్వము గలవాడు విప్పుటకు వీలుగా కట్టడు. తన తరువాత ఇంకొకడు వచ్చునని యెఱిగినవాడే అట్లు కట్టును. ఇంకను పుట్టని ఆ మనిషియెడల చూపిన మర్యాదయే ఆ అతుకు.

ఈ మర్యాద కొయ్యయెడలను కలదు. నారా ప్రాంతమందలి హోర్యూజి దేవాలయ ప్రధాన భవనములు సుమారు 1300 సంవత్సరములనుండి నిలిచియున్నవి. లోకమున నేడు నిలిచియున్న కొయ్యకట్టడములలో అవి మిక్కిలి ప్రాచీనములు. వాని మరమ్మతులలో పాల్గొన్న త్సునెకజు నిషియోక (1908–1995) తన వంశీయులు నోటిమాటగా అప్పగించిన సూత్రములను లోకమునకు తెలిపెను. చెట్టు పెరిగిన దిక్కు చూచి ఆ దిక్కుననే దానిని వాడవలెననియు, కొయ్యల గుణమెఱిగి కూర్చవలెననియు, పనివాండ్ర మనస్సులు కలిసిననే కొయ్యలు కలియుననియు వాని సారము. కుడికి మెలితిరుగు కొయ్యకు ఎడమకు మెలితిరుగు కొయ్యను జతచేసినచో ఒకదాని దోషము రెండవదానివలన అణగును. షిరకావ గ్రామమందు మంచుబరువునకు మొదట వంగి పెరిగిన చెట్లను పారవేయక, ఆ వంపు పనికివచ్చు చోట దూలములుగా నిలిపిరి. వంకర దోషము కాదు. దాని చోటు తెలియకపోవుటయే దోషము.

ఆ షిరకావ గ్రామపు ఇండ్లనే ‘గష్షో’ ఇండ్లందురు. ఆ మాటకు జోడించిన చేతులని యర్థము. మంచు నిలువకుండ సుమారు 60 డిగ్రీల వాలుతో కప్పు నిలుచును. కప్పుకొయ్యలను మేకులతో గాక త్రాళ్లతోను, పచ్చిగానుండగా మెలిపెట్టిన కొమ్మలతోను కట్టుదురు. గడ్డికప్పు మార్చవలసినప్పుడు ఊరంతయు కలిసివచ్చును. నేడు ఈ యింటికి చేసిన సాయము రేపు ఆ యింటికి చెల్లును. ఈ పరస్పరసాయమునకు ‘యుయి’ యని పేరు. 1995లో యునెస్కో ఈ గ్రామములను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను. కప్పు నిలుచుటకు త్రాడు ఎంత అవసరమో, ఇరుగుపొరుగు పొత్తు అంత అవసరము.

అయితే రెండవ పక్షమును వినక తీర్పు చెప్పరాదు. ఆ 1995లోనే, జనవరి 17వ తేదీన, కోబె నగర ప్రాంతమును భూకంపము కుదిపినది. 6400 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు బరువైన పెంకుకప్పుల పాత కొయ్యయిండ్లు కూలగా వానిక్రింద నలిగినవారే. గోడబలము చాలని ఇండ్లు కొన్ని. చెదలు, చెమ్మ తిన్న కంబములను చూచువారు లేక బలహీనపడినవి కొన్ని. కనుక పాతదగుటవలననే యిల్లు గొప్పది కాజాలదు. కట్టినవాని నైపుణ్యము, కాపురమున్నవాని అశ్రద్ధను కాయజాలదు. అతుకు కనబడదు గనుకనే అది చివికినప్పుడును కనబడదు. అప్పుడప్పుడు వంగి, చేతితో తడవి చూచుకొను బాధ్యత ఇంటివారిది.

ఆ బాధ్యత నేడు సన్నగిల్లినది. 2016 నాటికి క్యోటో నగరమున ‘మాచియ’ అను పాత పట్టణగృహములు సుమారు 40 వేలు మాత్రమే మిగిలినవి. 2023 గణనలో జపాను దేశమున సుమారు 90 లక్షల యిండ్లు మనుష్యులు లేక ఖాళీగా నున్నట్లు తేలినది. కొయ్య కొఱవడుటచేత గాదు, నివసించువారు కొఱవడుటచేత ఆ యిండ్లు పాడుపడుచున్నవి.

మఱి నిలుచునది యేది? ఇసె దేవాలయమును చూచిన ఈ ప్రశ్నకు జవాబు దొరకును. ఏడవ శతాబ్దమున మొదలైన ఆచారము ననుసరించి ఇరువది యేండ్లకొకసారి దానిని ప్రక్కస్థలమున క్రొత్తగా కట్టుదురు. యుద్ధకాలములలో ఆ వరుస తప్పినను మరల సాగినది. 2013లో జరిగినది 62వ పర్యాయము. విప్పిన కొయ్యలు ఇతర ఆలయముల మరమ్మతులకు పోవును. హోర్యూజిలో కొయ్య నిలిచినది. ఇసెలో చేయి నిలిచినది. వృద్ధుని చేతినుండి యువకుని చేతికి పని మాఱుటకు ఇరువది యేండ్లు తగిన గడువు. 2020లో యునెస్కో కట్టడములను గాక, కొయ్యకట్టడములను కాపాడు ఆ నైపుణ్యములనే మానవజాతి వారసత్వముగా ఎన్నినది.

సాక్షి లేని చోట సత్యముగా పనిచేయుట యెందులకను ప్రశ్నకు ఆ వడ్రంగుల సమాధానమిది: సాక్షి లేకపోలేదు; ఆలస్యముగా వచ్చును. ఎన్నడో అతుకు విప్పు పనివాడు సాక్షి. బరువు మోయు కొయ్య సాక్షి. భూమి కంపించిన రాత్రి ఆ కప్పుక్రింద నిద్రించు పసిబిడ్డ సాక్షి. చేతిపనిని కాయకముగా భావించువారికి ఇంతకుమించిన మాట అక్కఱలేదు. కనబడు భాగమును లోకముకొఱకు నునుపు చేయవచ్చును. కనబడని భాగమును మాత్రము నమ్మి నిద్రించువానికొఱకు బిగింపవలెను.