కాళ్లు కడిగిన నీళ్లు

పవిత్ర గురువారం సాయంత్రం కాళ్లు కడిగించుకోవడానికి నన్ను పిలిచారు. ఏటా ఆ పూజలో ఫాదర్ పన్నెండు మంది పాదాలు కడుగుతారు. సికింద్రాబాద్‌లోని మా చర్చిలో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అప్పట్లో ఆ కుర్చీల్లో అందరూ మగవాళ్లే. 2013లో పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌లోని బాల నేరస్థుల జైలుకి వెళ్లి ఇద్దరు అమ్మాయిల పాదాలు కూడా కడిగారు. 2016లో నియమమే మార్చేశారు. అలా నాకూ ఒక కుర్చీ దొరికింది.

బయల్దేరే ముందు ఇంట్లో సబ్బు పెట్టి మడమలు రుద్ది రుద్ది కడుక్కున్నాను. ఫాదర్ చేతికి మురికి కాళ్లు ఎలా ఇస్తాం! మిగతా పదకొండు మందీ అదే పని చేసి వచ్చారని తర్వాత తెలిసి నవ్వుకున్నాం. యోహాను సువార్త 13వ అధ్యాయంలో పేతురు కూడా మొదట ససేమిరా అంటాడు. మాదీ ఆ మొండితనమే, కాకపోతే మర్యాదస్తుల పద్ధతిలో.

మనకి కాళ్లు కడగడం కొత్తేం కాదు. పెళ్లిలో మామగారు అల్లుడి కాళ్లు కడుగుతాడు. మేలు చేసినవాళ్ల కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటామంటాం. కడిగేవాళ్లు ఎప్పుడూ కిందే ఉంటారు. క్రీస్తు ఆ వరసని తిరగేశాడు. గురువే శిష్యుల ముందు వంగాడు. వినయం, సేవ అని మేం చెప్పుకునేది దీన్నే.

పూజ అయ్యాక, పీఠం ముందు ఒలికిన నీళ్లని ఒకావిడ గుడ్డతో తుడుస్తోంది. ఇరవై ఏళ్లుగా ఆవిడే తుడుస్తోంది. ఫాదర్ వంగింది పావుగంట. అది చూసి మా కళ్లు చెమర్చాయి. ఆవిడ రోజూ వంగుతుంది. అప్పుడు మాత్రం కాళ్లు పైకెత్తి దారిస్తాం, అంతే. ఎత్తున ఉన్నవాడు దిగితే వినయం. పుట్టుకతోనే కిందకి నెట్టేసిన మనిషి వంగితే కూలి. అలాంటి మనిషికి వినయం గురించి ప్రసంగం చేయడం తేలికే. కొంచెం సిగ్గుమాలిన పని కూడా.

సికింద్రాబాద్‌లో విజయవాడ రైలెక్కితే కాజీపేట దాటాక డోర్నకల్ వస్తుంది. తమిళదేశం నుంచి అక్కడికొచ్చి, తెలుగు నేర్చుకుని, మాల మాదిగ పల్లెల్లో తిరిగిన వి.ఎస్. అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరో సభలో, మిషనరీల ముఖం మీదే ఒక మాట అడిగారు. వాళ్ల త్యాగాలని ఆయన తక్కువ చేయలేదు. మాకు కావలసింది స్నేహం అన్నారు. సేవ మేడ మీద నుంచి కూడా చేయొచ్చు. స్నేహం కావాలంటే ఒకే అరుగు మీద కూర్చోవాలి. కాళ్లు కడిగిన ఆ రాత్రే క్రీస్తు కూడా శిష్యులని దాసులుగా కాక స్నేహితులుగా పిలిచాడు. మేం పళ్లెం, తువ్వాలు గుర్తుపెట్టుకుని ఆ పిలుపు మర్చిపోయాం.

ఇరవై ఏళ్లుగా చూస్తున్న మనిషి పేరు నాకు తెలియదని అప్పుడు తట్టింది. దగ్గరకెళ్లి అడిగాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఎందుకమ్మా? నా పని మీద ఎవరన్న ఏమన్న అన్నరా?"

పేరు అడిగితే ఫిర్యాదేమో అని భయపడింది. ఆ భయంలో నా వాటా ఎంతో నాకు తెలుసు. ఏం లేదు, ఊరికే అన్నాను. అప్పుడు చెప్పింది. నా పేరు కూడా అడిగింది.