కట్ట కింది వాళ్ళు

మేం ఈ ఇల్లు కొన్నప్పుడు రియల్టర్ నోటివెంట వచ్చిన మొదటి మాట "లేక్ వ్యూ". ఆ మాటకి మేం చెల్లించిన ధర కూడా తక్కువేం కాదు. జార్జియాలో, అట్లాంటాకి గంట ప్రయాణం దూరంలో, 42 ఇళ్ళ మధ్య ఉన్న ఆ నీళ్ళని ఇక్కడివాళ్ళు లేక్ అంటారు. మా ఆవిడ మాత్రం మొదటిరోజే "ఇది చెరువండీ, అదిగో కట్ట!" అంది. నిజమే. ఎప్పుడో ఒక రైతు పశువుల కోసం వాగుకి అడ్డంగా మట్టికట్ట పోయించాడు. తరవాత బిల్డరు దాన్ని 30 అడుగులకి ఎత్తు చేయించి చుట్టూ ఇళ్ళు అమ్మాడు. చేపలు పట్టడానికి, పిల్లలు పడవలేసుకోవడానికి తప్ప ఆ నీళ్ళతో మాకు వేరే పనిలేదు. మా సాయంత్రం నడక కట్టమీదే.

ఆ కట్టకి యజమాని మా హోమ్ ఓనర్స్ అసోసియేషనే. అంటే మేమే. కిందటేడు స్టేట్ నుంచి ఉత్తరం వచ్చేదాకా ఆ సంగతి నేను పట్టించుకోలేదు. కట్ట దిగువన కొత్త ఇళ్ళు లేచాయి కాబట్టి ఇకనుంచి మా డ్యామ్ కేటగిరీ 1 కింద లెక్క. తెగితే మనుషుల ప్రాణాలు పోయే అవకాశం ఉందని దాని అర్థం. కట్టమీద మొలిచిన చెట్లు తీసెయ్యాలి. తుప్పుపట్టిన తూము గొట్టం మార్చాలి. అలుగు వెడల్పు చెయ్యాలి. ఇంజనీరు లెక్కకడితే ఇంటికి 11 వేల డాలర్లు తేలింది.

మీటింగులో ఒకాయన లేచి, "కట్ట ముందునుంచీ ఉంది. వాళ్ళు తరవాత వచ్చారు. అక్కడ ఇళ్ళు కట్టుకోమని మనం చెప్పామా?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా అమ్మాయి కాలేజీ ఫీజు నా కళ్ళముందు ఆడింది. ఒక ఏడాది వాయిదా వేద్దామంటే చెయ్యెత్తాను.

తరవాతి ఆదివారం, ఎందుకో, కట్టమీద నడక ఆపి కిందికి దిగాను. కట్ట అడుగున ఒకచోట నేల చిత్తడిగా ఉంది. ఊట తేటగా వస్తే గమనిస్తూ ఉండాలి, బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే అని ఇంజనీరు చెప్పాడు. వంగి చూశాను. తేటగానే ఉంది. వాగు వెంట ఇంకాస్త దూరం వెళ్తే ఆ కొత్త ఇళ్ళు వచ్చాయి. ఒకాయన పిల్లకి సైకిల్ నేర్పిస్తున్నాడు. పలకరించి, పైన లేక్ దగ్గర ఉంటామన్నాను. "పైన లేక్ ఉందా?" అన్నాడాయన. ఆ ప్రశ్నకి నాదగ్గర జవాబు ఉంది. ఉత్తరం రూపంలో, ఇంట్లో సొరుగులో ఉంది. ఆయనకి మాత్రం చెప్పలేకపోయాను.

మాకు ఉత్తరం రాయించిన చట్టం ఊరికే పుట్టలేదు. 1977 నవంబరు 6న, అర్ధరాత్రి దాటాక, ఈ రాష్ట్రంలోనే టొకోవా దగ్గర కెల్లీ బార్న్స్ డ్యామ్ తెగి 39 మంది చనిపోయారు. కరెంటు కోసం కట్టిన మట్టికట్ట అది. 1957 తరవాత ఆ పని పోయి, చెరువు వినోదానికి మిగిలింది. జార్జియా డ్యామ్‌ల భద్రతా చట్టం 1978లో వచ్చింది. అంతకుముందు, 1889 మే 31న, పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ డ్యామ్ తెగి జాన్స్‌టౌన్ కొట్టుకుపోయింది. పోయినవాళ్ళు 2,209 మంది. ఆ చెరువు పిట్స్‌బర్గ్ సంపన్నుల క్లబ్బుది. కార్నెగీ, ఫ్రిక్ అందులో సభ్యులు. చేపలు జారిపోకుండా అలుగుకి జాలీలు పెట్టించారట. క్లబ్బుది తప్పని ఏ కోర్టూ తేల్చలేదు.

మా అవ్వగారి ఊరు కడప జిల్లా పోరుమామిళ్ళ దగ్గర. అక్కడి చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. చెరువుకి ఉండాల్సిన 12 అంగాలతోబాటు ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో చెక్కించారు. కట్టలోంచి నీళ్ళు ఊరడం ఒక దోషం. వానాకాలంలో రాత్రిపూట మరవ పారుతోందని వినగానే ఊరంతా లాంతర్లు పట్టుకుని కట్టమీదికి పరిగెత్తేవాళ్ళని అవ్వ చెప్పేది. వాళ్ళు మాకన్నా ధర్మాత్ములని కాదు. పొలాలు కట్ట కిందే, ఊరూ కట్ట కిందే. అన్నం పెట్టే నీళ్ళూ ముంచే నీళ్ళూ ఒకటే. రాత్రంతా కట్ట కాచే నీరుగంటికి ఆ ఆయకట్టులో ఎంత భూమి ఉండేదని అవ్వని నేనెప్పుడూ అడగలేదు. అదీ ఒప్పుకోవాలి.

మా చెరువులో ఆ రెండూ విడిపోయాయి. అందం పైనున్న మాది, వరద కిందివాళ్ళది. కట్ట తెగితే మాకు పోయేది లేక్ వ్యూ. స్వార్థం కాపలా కాసేచోట ధర్మం గురించి మాట్లాడుకోనక్కర్లేదు. అది లేనిచోటే ధర్మం కావాలి.

ముందొచ్చింది మేమే, కాదనను. కానీ అంత నీటిని ఒకచోట పోగుచేసి వాళ్ళ నెత్తిన పెట్టిందీ మేమే. ఆ వాగు దానంతటది అంత నీటిని ఒక్కసారిగా ఎప్పుడూ పంపలేదు. పైగా, ఈ ప్రమాదం గురించి మాకు తెలుసు, వాళ్ళకి తెలియదు. ఎవరు ముందొచ్చారన్నదానికన్నా ఎవరికి తెలుసన్నదే నాకిప్పుడు పెద్ద ప్రశ్న.

అయినా లెక్క తేలిగ్గా తేలదు. మా పక్కింటి పెద్దావిడ పెన్షన్‌మీద బతుకుతోంది. ఆవిడ 11 వేలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? కిందివాళ్ళ పేరు చెప్పి ఆవిణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టడం మాత్రం ఏం న్యాయం? అందుకే ఈసారి మీటింగులో రెండు మాటలు అడిగాను. అప్పు తీసుకుని పదేళ్ళలో తీరుద్దాం, కట్టలేనివాళ్ళ వాటా మిగిలినవాళ్ళం పంచుకుందాం. పని పూర్తయ్యేదాకా నీటిమట్టం ఆరడుగులు దింపుదాం. మొదటిదానికి ఇంకా ఓటింగ్ జరగలేదు. రెండోది మూడు ఓట్ల తేడాతో నెగ్గింది.

ఇప్పుడు మా కిటికీలోంచి చూస్తే ఒడ్డునంతా బురద. వారం కిందట వచ్చిన స్నేహితుడు "ఇదేనా మీ లేక్ వ్యూ?" అని నవ్వాడు. ఆ సాయంత్రమే వెళ్ళి ఆ సైకిల్ పిల్ల తండ్రి తలుపు తట్టాను. ఉత్తరం కాపీ చేతికిచ్చాను. ఆయన చదివి, "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని అడిగాడు.