జిడ్డూ, దుమ్మూ

శుభ్రం చేయడం ఒకరు నేర్పితే వచ్చేది కాదని మన ఆడవాళ్ళకు కాస్త గర్వం. ఇత్తడికి చింతపండు, అద్దానికి పాత పేపరు, దేవుడి పటానికి మెత్తని గుడ్డ. దేనికేదో మనకు తెలుసు. అయితే నల్లగొండలో కూడా పిల్లలున్న ఇళ్ళల్లో గోడకు గిటారు వేలాడుతోందిప్పుడు. దాని దగ్గర ఈ విద్య కొంచెం తడబడుతుంది.

ఎందుకంటే గిటారుకు ఒళ్ళు ఒకటి కాదు, రెండు. డొల్ల భాగానికి అద్దంలాంటి వార్నీషు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కిరసనాయిలు దాని దరికి రాకూడదు. వేళ్ళు ఆడే పలక మాత్రం చాలా గిటార్లకు రోజ్‌వుడ్, వార్నీషు లేని వట్టి చెక్క. చెమటా జిడ్డూ మెట్ల పక్కన పేరుకుంటాయి. తీగలు మార్చే రోజున, గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ వెయ్యాలి. చెక్క మరీ ఎండినట్టుంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు దానికోసం అమ్మే నూనె నాలుగు చుక్కలు రాసి, మిగిలింది తుడిచెయ్యాలి. వంటనూనె వద్దు సుమా, ముక్కిపోతుంది. మన వేసవి వడగాలికి పలక కుంచించుకుపోతే మెట్ల లోహపు కొనలు బయటికొచ్చి చేతికి గుచ్చుకుంటాయి.

నన్ను ఆలోచనలో పడేసింది ఈ నూనె సంగతి కాదు, మురికి సంగతి. వాయించకపోతే దుమ్ము చేరుతుంది. వాయిస్తే జిడ్డు చేరుతుంది. మన చేతిలో గుడ్డకు ఆ తేడా తెలియదు. తళతళలాడే గిటారును చూసి "ఎంత బాగా చూసుకుంటున్నారో!" అంటారు వచ్చినవాళ్ళు. దేన్ని చూసుకుంటున్నట్టు? వస్తువునా, దాన్ని వాయించే చేతినా?

పాలమూరు కిన్నెరకైతే మెరిసే ఒళ్ళే లేదు. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు. మెట్టు కదిలిందా, వాయించేవాడే సర్దుకోవాలి. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా (2016 దాకా అదీ మహబూబ్‌నగరే) అవుసలికుంట దర్శనం మొగిలయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుతుంటే ఊళ్ళు విన్నాయి. 2021లో 'భీమ్లా నాయక్' పాటతో పట్నాలూ విన్నాయి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన హైదరాబాదు దగ్గర కూలిపని చేస్తున్నారని పత్రికలు రాశాయి.

కిన్నెరను కాపాడుకోవాలని అందరం అంటాం. అద్దాల బీరువాలో పెట్టి రోజూ తుడిస్తే అది చాలాకాలం ఉంటుంది, నిజమే. ఏ మెట్టు ఎక్కడ నిలబెడితే పలుకుతుందో తెలిసిన చెవి మాత్రం ఆ బీరువాలో పట్టదు.

అంత దూరం పోవడమెందుకు? పుట్టింటి నుంచి వీణ తెచ్చుకున్నవాళ్ళు మనలో ఎంతమంది లేరు! దాని ఇరవైనాలుగు మెట్లూ మైనంలో నిలబెట్టినవే. దసరాకు తుడిచి, బొట్టు పెట్టి, మళ్ళీ పట్టుగుడ్డ కప్పేస్తాం. మా వదిన వీణ మీద ఈనాటికీ ఒక్క గీత లేదు. ఇల్లంతా ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటుంది. మొన్న ఆమె మనవడు తన గిటారు పలక తుడుచుకుంటూ, "నానమ్మా, నీ వీణకు ఎక్కడా జిడ్డే లేదేంది?" అన్నాడు.

వదిన వానికి జవాబు చెప్పలేదు. పట్టుగుడ్డ తీసి, తుప్పుపట్టిన తీగనొకదాన్ని గోటితో మీటి చూసి, "వీణ తీగలు ఈ ఊళ్ళె దొరుకుతయా?" అని నన్నడిగింది.