ఉషస్తి విడిచిన నీరు

ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి చాక్రాయణుని వృత్తాంతము కలదు. వడగండ్లకు కురుదేశపు పైరులు నశింపగా, ఆకలిగొన్న ఆ విద్వాంసుడు ఒక మావటివాడు తినుచున్న గింజలను యాచించి భుజించెను. వాడు నీరును ఇయ్యబోగా ఎంగిలియని వలదనెను. గింజలు లేనిచో ప్రాణము నిలువదు. నీరు వేఱుచోట దొరకును. ఆపద్ధర్మమునకు ఎల్ల అదియే.

1996 నవంబరు 6వ తేదీన, దీపావళి నాలుగు దినములున్నదనగా, తుపాను కోనసీమను ఊడ్చివేసినది. పచ్చని సీమలో పస్తేమిటని ఎఱుగనివారు అందురు. కంద పచ్చిగా తిన్నచో గొంతు దురద. ఉడికింపవలెనన్న ఎండుపుల్ల లేదు. ధాన్యము నీట నానినది. నూతినీరు త్రాగరానిదాయెను. కూలిన చెట్ల బోండములే మా దాహము తీర్చినవి. ఎవరి తోటవని ఎవరును అడుగలేదు. కొబ్బరియే తిన్న పిల్లలకు విరేచనములు పట్టుకొన్నవి.

పిదప బియ్యము వచ్చినది, పొయ్యి వెలిగినది. అయినను మా అరుగుపై పొరుగువారి కాయలు నలుబది మిగిలియుండెను. చెట్లు పోయినవానికి అవియే కడపటి ఫలసాయము. క్రొత్త మొక్క కాపునకు ఏండ్లు పట్టును. రెండు దినములు ఊరకుంటిని. ఉషస్తి కథ నిదురపోనీయలేదు. మూడవనాడు గంపకెత్తి మోసికొనిపోతిని.

“వీటికేముందండీ, ఉంచుకోండి ఆచార్లుగారూ” అనెను ఆయన.

త్రాగినవాటికి లెక్క చెప్పలేదు. మిగిలినవి మాత్రము ఆయన అరుగుపై దింపి వచ్చితిని.